పిల్లాడి తప్పు దగ్గర మొదలుపెట్టి: డీఎల్ఈడీ లెక్కల క్లాసు ప్రాజెక్టు డైరీ

డీఎల్ఈడీ అంటే ప్రాథమిక పాఠశాల టీచర్లు కావడానికి చదివే డిప్లొమా. అందులో మొదటి సంవత్సరం ఛాత్రోపాధ్యాయులకు, అంటే శిక్షణలో ఉన్న టీచర్లకు, లెక్కల క్లాసు నడిపే తీరు మార్చి చూశాం. ఆ పని తాలూకు నోట్సు ఇది. వేరే కాలేజీలో ఎవరైనా చెయ్యాలనుకుంటే కొలతలు, ఖర్చు, పని చెయ్యని పద్ధతులు, వాటి బదులు పెట్టుకున్నవి అన్నీ వరసగా రాశాను.

క్లాసులో 40 మంది. డీఎల్ఈడీ ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి వచ్చినవాళ్ళు. ఇంటర్‌లో బైపీసీ, సీఈసీ చదివినవాళ్ళు చాలామంది, అంటే పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం తెరవలేదు. రేపు స్కూల్లో చేరితే 1 నుంచి 5 తరగతుల దాకా తెలుగుతోపాటు లెక్కలూ వీళ్ళే చెప్పాలి. ప్రాథమిక తరగతులకు బీఈడీ చెల్లదు, డీఎల్ఈడీ ఉండాలని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చాక ఆ బాధ్యత పూర్తిగా ఈ క్లాసుల మీదే పడింది.

వీళ్ళ బుర్రలో ఇంకోపక్క టెట్ (టీచరు అర్హత పరీక్ష) టెన్షన్. పేపర్-1లో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, అందులో లెక్కలవి 30. నిమిషానికో ప్రశ్న అంటే షార్ట్‌కట్‌లు నేర్చుకోక తప్పదు. నేర్చుకోవద్దని నేను ఎవరికీ చెప్పను, ఉద్యోగం కావాలి కదా. కానీ నాలుగో తరగతి పిల్లాడు నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టినప్పుడు షార్ట్‌కట్ అక్కరకు రాదు. అక్కడ కావలసినవి మూడు: వాడు ఏం ఆలోచించి ఆ జవాబు రాశాడో చెప్పగలగాలి, ఆ ఆలోచన బయటపడే ఇంకో లెక్క ఇవ్వగలగాలి, అసలు సంగతి చేత్తో చూపించగలగాలి. ప్రాజెక్టు లక్ష్యం ఈ మూడే.

దశ 1: ముందు పరీక్ష

ఒకే పేపరు, రెండు భాగాలు. మొదటి భాగంలో లెక్క చెయ్యాలి. రెండో భాగంలో అదే లెక్కకు పిల్లలు రాసిన తప్పు జవాబు ఉంటుంది, అది ఎలా వచ్చిందో రాయాలి, తర్వాత ఏ లెక్క ఇస్తారో చెప్పాలి.

1. 503 − 248. పిల్లాడి జవాబు 345.
2. 402 − 165. పిల్లాడి జవాబు 337.
3. 824 ÷ 8. పిల్లాడి జవాబు 13.
4. 1/3 + 1/4. పిల్లాడి జవాబు 2/7.
5. 0.35, 0.5 లలో ఏది పెద్దది? పిల్లాడి జవాబు 0.35.
6. 1¾ ÷ ½. ఇక్కడ తప్పు జవాబు లేదు. లెక్క చేసి, దానికి సరిపోయే కథ లెక్క ఒకటి తయారు చెయ్యాలి.

మొదటి భాగం బాగానే చేశారు. తీసివేతలు, భాగహారం దాదాపు అందరికీ వచ్చాయి. ఆరో లెక్కకు 33 మంది 3½ అని రాశారు. రెండో భాగంలో మాత్రం కాగితాలు దాదాపు ఖాళీ. "అజాగ్రత్త", "ఎక్కాలు రావు", "మళ్ళీ చేయించాలి" అన్న మాటలే ఎక్కువ కనిపించాయి.

345 అజాగ్రత్త కాదు. 5లోంచి 2 తీస్తే 3. 0, 4 లలో పెద్దది 4, అందులోంచి 0 తీస్తే 4. 8లోంచి 3 తీస్తే 5. మూడు స్థానాల్లోనూ ఒకే నియమం, ఒక్క పొరపాటు లేకుండా పాటించాడు. 337 వేరే సంగతి. ఒకట్ల స్థానంలో 12 − 5 = 7 సరిగ్గా చేశాడు, సున్నాను 9 చేశాడు, కానీ వందల్లో 4ను 3 చెయ్యలేదు. మొదటి పిల్లాడికి స్థాన విలువ దగ్గర నుంచి మొదలుపెట్టాలి, రెండోవాడికి సున్నా దాటి వందల దాకా వెళ్ళే ఒక్క మెట్టు చాలు. ఇద్దరికీ "మళ్ళీ చెయ్యి" అంటే మొదటివాడు మళ్ళీ 345 రాస్తాడు, రెండోవాడు మళ్ళీ 337 రాస్తాడు.

మార్కుల పద్ధతి ఇక్కడే మార్చాం. మొదట ఒక్కో ప్రశ్నకు 5 మార్కులు పెట్టాం. నేనూ, మా కాలేజీలోనే ఇంకో లెక్చరరూ విడివిడిగా దిద్దితే ఒకే కాగితానికి రెండేసి మార్కుల తేడా వచ్చింది. అలాంటి కొలతతో ముందూ వెనకా పోల్చలేం. అందుకని 0, 1, 2 చేశాం:

- 0: కారణం లేదు, లేదా "అజాగ్రత్త" లాంటి మాట.
- 1: తప్పు ఏ మెట్టులో ఉందో పట్టుకున్నారు.
- 2: మెట్టు పట్టుకుని, పిల్లాడి ఆలోచనను బయటపెట్టే లెక్క కూడా ఇచ్చారు.

2 మార్కులకు ఉదాహరణ: 345 రాసిన పిల్లాడికి 58 − 23 ఇస్తే వాడు 35 అని సరిగ్గా రాస్తాడు, మనకేమీ తెలియదు. 52 − 28 ఇస్తే 36 రాస్తాడు, అప్పుడు తెలుస్తుంది. ఏ లెక్క దేన్ని దాస్తుంది, దేన్ని బయటపెడుతుంది అన్న ఎరుక డీఎల్ఈడీ రెండేళ్ళలో రావలసిన అసలు గణితం అని నా నమ్మకం.

ఇప్పటి వరకు: పీరియడ్లు 2. ఖర్చు జిరాక్స్ రూ. 60.

దశ 2: తీసివేత

కట్టలు కట్టే పద్ధతి అందరికీ తెలిసిందే: పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక పెద్ద కట్ట. కొబ్బరి చీపురు ఈనెలు విరిచి, రబ్బరు బ్యాండ్లు వేసి మొదలుపెట్టాం.

503 చూపించడానికే జట్టుకు 503 పుల్లలు కావాలి. ఐదుగురు చొప్పున 8 జట్లు, అంటే నాలుగు వేలకు పైగా. లెక్కపెట్టి కట్టలు కట్టడానికే పీరియడ్ సరిపోయింది. వంద పుల్లల కట్ట చుట్టూ రబ్బరు బ్యాండు సాగి తెగిపోయింది. పది కట్టలు ఒక కవర్లో వేస్తే నిలిచాయి కానీ అప్పటికి తీసివేత సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మార్పు: పుల్లలు రెండంకెల లెక్కలకు మాత్రమే. వంద అంటే పది పదులు అని ఒక్కసారి చేత్తో కట్టి చూడటానికి జట్టుకు ఒక్క వంద కట్ట ఉంచాం. మూడంకెలకు చతురస్రపు అట్టలు చేశాం.

కొలతలు:

1. వంద: 10 సెం.మీ. × 10 సెం.మీ., సెంటీమీటరు గళ్ళు గీసినది. జట్టుకు 9.
2. పది: 10 సెం.మీ. × 1 సెం.మీ. జట్టుకు 19.
3. ఒకటి: 1 సెం.మీ. × 1 సెం.మీ. జట్టుకు 19.

పందొమ్మిది ఎందుకంటే ఒక స్థానంలో 9 ఉండగా పై స్థానం నుంచి ఇంకో 10 మార్చి తెచ్చుకోవచ్చు. 9 మాత్రమే ఇచ్చిన సెట్టుతో మొదటి లెక్కలోనే ఆగిపోతారు. జట్టుకు 47 ముక్కలు, 8 జట్లకు 376.

చార్టు షీటు 56 × 71 సెం.మీ. ఉంటుంది. అందులో పది సెంటీమీటర్ల చతురస్రాలు 5 × 7 = 35 వస్తాయి. మనకు వందలు 72, పదులకు ఇంకో 16 చతురస్రాలు కోసుకోవాలి, ఒకట్లకు 2. మొత్తం 90. మూడు షీట్లలో 105 వస్తాయి కాబట్టి పోయిన ముక్కల బదులు వెయ్యడానికీ మిగులుతుంది. ఇది ముఖ్యం. గణిత కిట్లు బీరువాల్లో ఉండిపోవడానికి ఒక కారణం, ఒక్క ముక్క పోతే సెట్టు చెల్లదన్న భయం. కత్తెరతో మళ్ళీ చేసుకోగలిగిన ముక్క అయితే ఆ భయం ఉండదు.

ఉత్త చార్టుతో చేసిన ఒకట్లు ఫ్యాన్ వెయ్యగానే ఎగిరిపోయాయి. ఫ్యాన్ ఆపితే ఎండాకాలం క్లాసులో కూర్చోలేం. ఒకట్ల బదులు చింతగింజలు వాడదామని ఒక జట్టు అంది. ఒప్పుకోలేదు, ఎందుకంటే పది ఒకట్లు వరసగా పేరిస్తే సరిగ్గా ఒక పది పట్టీ అంత రావాలి, చింతగింజలతో అది కుదరదు. కొట్లో పడేసే అట్టపెట్టెలు తెచ్చి, చార్టు అంటించి, ఆరాక కోశాం. వందలు చార్టుతోనే ఉంచినా పరవాలేదు. పదులు, ఒకట్లు మాత్రం అట్ట మీద ఉండాలి.

503 − 248 చేసే వరస:

1. బల్ల మీద 5 వందలు, 3 ఒకట్లు పెట్టండి. పదుల చోటు ఖాళీగా కనిపించాలి.
2. 8 ఒకట్లు తియ్యాలి, ఉన్నవి 3. పదులు లేవు. ఒక వంద ఇచ్చి 10 పదులు తీసుకోండి. ఇప్పుడు 4 వందలు, 10 పదులు, 3 ఒకట్లు. మొత్తం ఎంత అని అడగండి. ఇంకా 503నే.
3. ఒక పది ఇచ్చి 10 ఒకట్లు తీసుకోండి. 4 వందలు, 9 పదులు, 13 ఒకట్లు. మళ్ళీ మొత్తం ఎంత అని అడగండి.
4. ఇప్పుడు 2 వందలు, 4 పదులు, 8 ఒకట్లు తీసేయండి. మిగిలింది 255.
5. ప్రతి మార్పిడి జరగగానే నోట్‌బుక్‌లో అదే మెట్టు రాయాలి. అట్టలతో అంతా చేసేసి చివర్లో రాస్తే చేతికీ రాతకూ సంబంధం తెగిపోతుంది.

రెండు, మూడు మెట్లలో "మొత్తం ఎంత?" అనే ప్రశ్న మొదటి వరసలో లేదు. తర్వాత చేర్చాం. అది లేనప్పుడు సున్నా 9 ఎలా అయిందో అడిగితే ఛాత్రోపాధ్యాయులు నియమం ఒప్పజెప్పారు. చేర్చాక "503ని 4 వందలు, 9 పదులు, 13 ఒకట్లుగా పెట్టుకున్నాం" అన్నారు. ఒకే సంఖ్యను వేరేగా విడగొట్టాం అన్న మాట వాళ్ళ నోటి నుంచి వచ్చిన తర్వాతే 337 రాసిన పిల్లాడిని అర్థం చేసుకోగలిగారు: వాడు పది పదులు తెచ్చుకున్నాడు, వంద మాత్రం ఇవ్వలేదు.

ఇంకో రెండు దారులు కూడా చేయించాం. 503, 248 రెండింటికీ 2 కలిపితే 505 − 250, నోటితో 255. ఇక కిరాణా కొట్టు పద్ధతి: 248కి 2 కలిపితే 250, ఇంకో 50తో 300, ఇంకో 203తో 503. కలిపినవన్నీ 255. చిల్లర లెక్కపెట్టే దుకాణదారు చేసేది ఇదే. పిల్లాడు ఇంటి దగ్గర నేర్చుకుని ఈ దారిలో చేస్తే టీచరు తప్పు కొట్టకూడదు, గుర్తుపట్టాలి.

ఇప్పటి వరకు: పీరియడ్లు 7. ముక్కలు 376. ఖర్చు: చీపురు రూ. 50, రబ్బరు బ్యాండ్లు రూ. 20, చార్టులు రూ. 30, జిగురు రూ. 40. పాత రూ. 60తో కలిపి రూ. 200.

దశ 3: భిన్నాలు

ఎక్కువ పీరియడ్లు తీసుకున్నదీ, ఎక్కువ మార్పులు జరిగిందీ ఇక్కడే.

ముందు కాగితపు వృత్తాలు. అర, పావు మడతపెడితే వచ్చేస్తాయి. మూడో వంతుకు కోణమానినితో 120 డిగ్రీలు గియ్యాలి. కత్తెర కాస్త పక్కకు పోయినా మూడు ముక్కలు సమానంగా ఉండవు. సమానంగా లేని ముక్కలతో భిన్నం నేర్పడం కన్నా నేర్పకపోవడమే మేలు. వృత్తాలు పక్కన పెట్టేశాం.

తర్వాత పట్టీలు. స్కేలు పొడవు 30 సెం.మీ. కదా అని అదే తీసుకున్నాం. నాలుగో వంతు 7.5, ఎనిమిదో వంతు 3.75. స్కేలు మీద 3.75 చూసి కొయ్యడం కుదరదు. 3.7 దగ్గర కోస్తే ఎనిమిది ముక్కలు 29.6 అయ్యాయి, పూర్తి పట్టీకి 4 మి.మీ. తక్కువ. "ఎనిమిది ఎనిమిదో వంతులు కలిపితే ఒకటి కాదా?" అని ఒక అమ్మాయి అడిగింది. సరైన ప్రశ్న, కానీ కోత వల్ల రావలసిన ప్రశ్న కాదు.

మార్పు: పట్టీ పొడవు 24 సెం.మీ. అర 12, మూడో వంతు 8, పావు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3, పన్నెండో వంతు 2. అన్నీ పూర్తి సెంటీమీటర్లు. ఐదో వంతు 4.8 వస్తుంది కాబట్టి దాన్ని ఈ సెట్టులో పెట్టలేదు. 20 సెం.మీ. పట్టీ వేరేగా చేసి ఐదో వంతులు చూపిద్దామన్న ఆలోచన వచ్చింది, వద్దనుకున్నాం. రెండు వేర్వేరు పొడవులను రెండింటినీ ఒకటి అని పిలిచి ఐదో వంతును నాలుగో వంతుతో పోల్చడం పిల్లలకు నేర్పకూడని పని. ఐదో వంతులు, పదో వంతులు దశాంశాలతో పాటు వస్తాయి.

వెడల్పు కూడా ఆలోచించాల్సిందే. ఏ4 కాగితం వెడల్పు 21 సెం.మీ. వెడల్పు 3 సెం.మీ. అయితే ఒక కాగితానికి 7 పట్టీలు. మాకు జట్లు 8. అందుకని 2.5 సెం.మీ. చేశాం, ఒక రంగు కాగితానికి 8 పట్టీలు వస్తాయి. ఏడు రంగుల మందపాటి కాగితాలు ఏడు కొంటే 8 సెట్లు పూర్తయ్యాయి. సెట్టుకు 1 + 2 + 3 + 4 + 6 + 8 + 12 = 36 ముక్కలు, మొత్తం 288.

ముక్కల మీద 1/2, 1/4 అని మొదట రాశాం. తర్వాత కొత్త కాగితాలతో మళ్ళీ చేసి ఏమీ రాయకుండా వదిలేశాం. రాసి ఉంటే ఛాత్రోపాధ్యాయులు ముక్కను చూడరు, అంకె చదువుతారు. పైగా 6 సెం.మీ. ముక్క పేరు ఎప్పుడూ పావు కాదు. 12 సెం.మీ. ముక్కను ఒకటి అనుకుంటే అదే ముక్క అర అవుతుంది. దేనిలో పావు అన్న ప్రశ్న లేకుండా భిన్నమే లేదు. రాతలు లేకుండా చెయ్యడం చిన్న మార్పులా కనిపించింది కానీ 1¾ ÷ ½ దగ్గర మమ్మల్ని గట్టెక్కించింది అదే.

ముందు 1/3 + 1/4. 8 సెం.మీ., 6 సెం.మీ. ముక్కలు కలిపి 14 సెం.మీ. దాన్ని ఒకే రకం ముక్కలతో కొలవాలి. నాలుగో వంతులతో కొలిస్తే సరిపోదు, ఆరో వంతులతోనూ సరిపోదు, 2 సెం.మీ. ముక్కలు ఏడు పడతాయి. 7/12. క.సా.గు. ఎందుకు వెతుకుతామో ఇక్కడ చేతికి తెలుస్తుంది. ఇక 2/7 రాసిన పిల్లాడికి ఏం చెప్పాలి? 1/3 అంటే 2/6. 2/7 దానికన్నా చిన్నది. మూడో వంతుకు ఇంకొంత కలిపితే మూడో వంతు కన్నా తగ్గిపోయిందా? ఈ ప్రశ్న వేస్తే చాలు. క.సా.గు. పద్ధతి మళ్ళీ ఒప్పజెప్పడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు ఆరో లెక్క. ముందు పరీక్షలో 33 మందికి 3½ వచ్చింది కదా, సరైన కథ రాసింది నలుగురు. మిగతావి ఎక్కువగా రెండు రకాలు:

- "1¾ ఎకరాల పొలాన్ని ఇద్దరు అన్నదమ్ములు సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత?" ఇది 2తో భాగించడం. జవాబు 7/8.
- "1¾ కిలోల చక్కెరలో సగం పాయసానికి వాడితే ఎంత వాడినట్టు?" ఇది ½తో గుణించడం. జవాబు మళ్ళీ 7/8.

కాగితం పైన 3½ రాసి, కింద 7/8 వచ్చే కథ రాసి, రెండూ కలవడం లేదని చూసుకోలేదు. "తిరగేసి గుణించు" అన్న నియమం జవాబు ఇచ్చేసింది, దాని అర్థం ఏంటో ఎవరూ ఎప్పుడూ వాళ్ళను అడగలేదు. ఇది మన దగ్గర మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. గణిత విద్యా పరిశోధకురాలు లిపింగ్ మా 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే లెక్క ఉంది. అమెరికా టీచర్లు 23 మందిలో అర్థం సరిపోయే కథ చెప్పింది ఒక్కరే, చైనా టీచర్లు 72 మందిలో పదికి తొమ్మిది మంది చెప్పారు. ఆ చైనా టీచర్లు కాలేజీలో చదివిన ఏళ్ళు అమెరికా టీచర్ల కన్నా తక్కువ. మా పిల్లలు ఇంటర్‌లో ఎంపీసీ చదవలేదే అని బెంగపడే లెక్చరర్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పట్టీలతో ఇలా చేశాం:

1. ఒక పూర్తి పట్టీ, దాని పక్కన మూడు పావులు పెట్టండి. 24 + 18 = 42 సెం.మీ.
2. ప్రశ్న: ఇందులో అర ముక్కలు ఎన్ని పడతాయి?
3. 12 సెం.మీ. ముక్కలు ఒక్కొక్కటే పేర్చండి. మూడు పడ్డాయి, 36 సెం.మీ. అయింది.
4. మిగిలింది 6 సెం.మీ. దీన్ని ఏమని రాయాలి?

నాలుగో మెట్టులో క్లాసంతా ఆగిపోయింది. సగం జట్లు 3¼ అన్నాయి. చేతిలో ఉన్నది పావు ముక్కే కదా! "తిరగేస్తే 3½ వస్తోంది సార్, కొలిస్తే 3¼ వస్తోంది, ఏది రైటు?" అని ఒక జట్టు నిజంగా కంగారు పడింది. ఇక్కడ జవాబు చెప్పెయ్యాలనిపిస్తుంది. చెప్పలేదు. ఒక్క ప్రశ్నే వేశాం: "మీరు దేంతో కొలుస్తున్నారు?"

అరతో కొలుస్తున్నాం. అర ముక్క మూడుసార్లు పూర్తిగా పడింది, నాలుగోసారి సగం పడింది. మిగిలిన 6 సెం.మీ. పూర్తి పట్టీలో పావు, అర ముక్కలో సగం. అడిగింది అర ముక్కలు ఎన్ని అని. కాబట్టి 3½. ముక్క మీద 1/4 అని రాసి ఉండుంటే ఈ మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

పొలం కథ తెచ్చిన అమ్మాయి దాన్ని తనే బాగు చేసింది. 1¾ ఎకరాలంటే 175 సెంట్లు. అర ఎకరం అంటే 50 సెంట్లు. అర ఎకరం మళ్ళు ఎన్ని వస్తాయి? మూడు పూర్తి మళ్ళు, ఇంకో సగం మడి. తెలంగాణ నుంచి వచ్చిన కుర్రాడు గుంటల్లో చేశాడు: 1¾ ఎకరాలంటే 70 గుంటలు, అర ఎకరం అంటే 20. 70లో ఇరవైలు ఎన్ని? మూడున్నర. ఇంకొకరు అర లీటరు పాల ప్యాకెట్లతో చెప్పారు. భాగహారమంటే పంచడమే కాదు, ఒకదాంతో ఇంకోదాన్ని కొలవడం కూడా అని ఇక్కడ స్థిరపడింది. ½ మందికి పంచడం అన్న మాటకు అర్థం లేదు, అర చొప్పున కొలవడానికి ఉంది.

తిరగేయడం ఎందుకు? ఒకటిలో అరలు రెండు, కాబట్టి 1¾లో అరలు 1¾ × 2. ఇది అందరూ ఒప్పుకున్నారు. ఒకటిని ¾తో భాగిస్తే? 24లో 18 ఒకసారి పడి 6 మిగిలింది. ఆ 6, పద్దెనిమిదిలో మూడో వంతు. అంటే 1⅓, 4/3. తిరగేసిన భిన్నం కళ్ళ ముందు కనిపించింది.

ఇప్పటి వరకు: పీరియడ్లు 14. ముక్కలు 664. ఖర్చు: రంగు కాగితాలు రెండుసార్లు కలిపి రూ. 70, జిప్ కవర్లు రూ. 30. మొత్తం రూ. 300.

దశ 4: దశాంశాలు

కొత్త సామాను కొనలేదు. వంద అట్టను ఒకటి అనుకుంటే పట్టీ 0.1, చిన్న గడి 0.01. కానీ రెండో దశలో వాడిన ముక్కలే కావడంతో పట్టీని అందరూ పది అనే పిలుస్తున్నారు. అందుకని దశాంశాలకు ముక్కలను తిరగేసి, అట్టపెట్టె రంగు కనిపించే వైపు వాడాలని నియమం పెట్టాం. వందలకు కూడా అప్పుడు అట్ట అంటించాల్సి వచ్చింది, జట్టుకు ఒకటి చాలు.

ఇక్కడ ఉపయోగపడింది ప్రశ్నల ఎంపిక. 0.35 పెద్దదన్న పిల్లాడికి 0.62, 0.4 ఇచ్చి చూడండి. 0.62 అని సరిగ్గా చెబుతాడు, ఎందుకంటే వాడి లెక్కలో 62 కన్నా 4 చిన్నది. తప్పు ఆలోచనతోనే రైటు జవాబు వచ్చింది. టీచరు టిక్ పెట్టి ముందుకు పోతే ఆ తప్పు ఆలోచన అలాగే ఉండిపోతుంది. ఎక్కువ అంకెలుంటే చిన్నది అనుకునే పిల్లలూ ఉంటారు, వాళ్ళు 0.5 సరిగ్గా చెప్పి, రెండోదానికి 0.4 అంటారు. అందుకే ఒక్క ప్రశ్న సరిపోదు, మూడు కలిపి ఇవ్వాలి: (0.35, 0.5), (0.62, 0.4), (0.3, 0.30).

డబ్బుతో చెబితే తేలిక అని చాలామంది అంటారు. కొంతవరకే. డబ్బులో ఎప్పుడూ రెండు స్థానాలుంటాయి కాబట్టి 5.5ను ఐదు రూపాయల ఐదు పైసలు అని చదువుతారు.

ఇప్పటి వరకు: పీరియడ్లు 16. ఖర్చు రూ. 300.

దశ 5: పిల్లల దగ్గర

దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులు. ఇద్దరు ఛాత్రోపాధ్యాయులు, ఒక పిల్లాడు. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు రాసుకోవాలి. అక్కడి టీచర్ల అనుమతితో మాటలు ఫోన్లో రికార్డు చేసి, రాసుకున్నాక చెరిపేశాం.

మొదటి విడత పనికిరాలేదు. రికార్డులు వింటే పిల్లల గొంతు వినపడదు. తప్పు కనపడగానే ఛాత్రోపాధ్యాయులు "అలా కాదు నాన్నా, ఇలా" అని పెన్ను లాక్కుని చేసి చూపించేశారు. మంచి మనసుతోనే చేశారు, కానీ పిల్లాడు ఏం ఆలోచించాడో మనకు దక్కలేదు. రెండో విడతకు నియమాలు పెట్టాం:

1. మాట్లాడే టీచరు చేతిలో పెన్ను ఉండకూడదు.
2. మొదటి ఐదు నిమిషాలు "కాదు", "తప్పు", "రైటు" అనకూడదు.
3. అడగాల్సినవి రెండే: "ఎలా చేశావు?", "ఎందుకలా?"
4. సరైన జవాబుకూ ఇవే ప్రశ్నలు వెయ్యాలి. తప్పుకే "ఎలా చేశావు?" అంటే ఆ ప్రశ్న వినగానే పిల్లలు జవాబు చెరిపేస్తారు.

నాలుగో నియమం పిల్లల్ని చూశాక చేర్చింది.

రెండో విడతలో ఒక రికార్డు:

"ఇది ఎలా చేశావు నాన్నా?"
"మూడులోంచి ఎనిమిది పోవు టీచర్. ఎనిమిదిలోంచి మూడు తీశాను."
"ఎందుకలా?"
"పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలి కదా టీచర్."

పిల్లాడు చెప్పిన నియమం టీచర్లు చెప్పేదే. ఒకటో తరగతిలో 7లోంచి 3 తియ్యడం నేర్పుతూ అనే మాట. అప్పుడు పని చేస్తుంది, మూడంకెల్లో 345 తెస్తుంది. ఈ రికార్డు విన్నాక ఛాత్రోపాధ్యాయులతో ఒక పట్టిక రాయించాం: చిన్న తరగతుల్లో మనం అలవాటుగా అనే ఏ మాట పై తరగతిలో తప్పవుతుంది? "గుణిస్తే పెరుగుతుంది", "భాగిస్తే తగ్గుతుంది", "పదితో గుణిస్తే పక్కన సున్నా పెట్టు". మొదటి రెండూ భిన్నాల దగ్గర, మూడోది దశాంశాల దగ్గర చెల్లవు. పట్టిక గోడకు అంటించాం, ఇంకా పెరుగుతోంది.

824 ÷ 8 = 13 రాసిన పాప దగ్గర ఒక జట్టు అట్టలు బయటికి తియ్యలేదు. "800ని ఎనిమిదిమందికి పంచితే ఒక్కొక్కరికి ఎంతమ్మా?" అని మాత్రం అడిగారు. "వంద" అంది. తన 13 వైపు చూసుకుని, తనే కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టింది. అట్టలు వాడనందుకు మార్కులు తగ్గుతాయేమోనని ఆ జట్టు భయపడింది. తగ్గించలేదు. పరిశీలన ఫారంలో "టీఎల్ఎం (బోధన సామగ్రి) వాడారా?" అన్న గడి తీసేసి, "పిల్లల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశారా?" అని పెట్టాం.

ఇప్పటి వరకు: కాలేజీలో పీరియడ్లు 18, స్కూలు విడతలు వేరు. ఖర్చు: జిరాక్స్ ఇంకో రూ. 60. మొత్తం రూ. 360.

దశ 6: రెండో పరీక్ష, మిగిలిన పని

అదే తీరు, వేరే అంకెలు. తీసివేత ప్రశ్నల్లో 0 మార్కులు దాదాపు కనపడలేదు. "అజాగ్రత్త" అన్న మాట ఎవరూ రాయలేదు. 1¾ ÷ ½ లాంటి లెక్కకు, అంటే 2¼ ÷ ½కి, 27 మంది సరైన కథ రాశారు. అదే పేపర్లో 2 ÷ ⅔ కూడా ఇచ్చాం. దానికి కథ రాసినవాళ్ళు 15 మంది. మిగతావాళ్ళలో చాలామంది మళ్ళీ మూడు భాగాలుగా పంచేశారు. అరతో కొలవడం పాల ప్యాకెట్‌గా గుర్తుండిపోయింది, మిగతా భిన్నాలతో కొలవడం ఇంకా చేతికి రాలేదు.

వచ్చే బ్యాచ్‌కు మారుతున్నవి:

1. మూడో దశలో 1 ÷ ¾ ముందు, 1 ÷ ⅔ తర్వాత, 1¾ ÷ ½ ఆ పైన. అర తేలిగ్గా దొరికే కొలత కాబట్టి దాన్ని చివరికి జరిపాం.
2. కథలు రాసేటప్పుడు పాలు, పొలంతో పాటు ముప్పావు మీటరు జాకెట్టు ముక్కలు, రెండు గ్లాసుల పిండికి ⅔ గ్లాసు చొప్పున వాయిలు, ఇలా అర కాని కొలతలు కనీసం మూడు ఉండాలి.
3. పుల్లల కట్టలకు ఒక్క పీరియడే. మిగిలిన సమయం స్కూలు విడతకు.
4. చుట్టుకొలత, వైశాల్యం ఈసారి ముట్టుకోలేదు. చుట్టుకొలత పెరిగితే వైశాల్యం కూడా పెరుగుతుందని క్లాసులో చాలామంది నమ్ముతున్నారు. సెంటీమీటరు గడులు ఉన్నాయి కాబట్టి వాటితోనే చెయ్యొచ్చు: 16 గడులతో 4 × 4 పేరిస్తే చుట్టుకొలత 16, 8 × 2 పేరిస్తే 20, 16 × 1 పేరిస్తే 34. ప్రతి సెట్టులో 19 గడులు ఉన్నాయి, సరిపోతాయి.